ఏ హార్డ్‌వేర్ వాలెట్ కొనాలి? ముందు మీరు ఏ తప్పు చేసే మనిషో చూసుకోండి

2024 జూలై 18న క్రిప్టో కొని అమ్మే ఎక్స్ఛేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్ల క్రిప్టో, మన లెక్కలో దాదాపు 2,000 కోట్ల రూపాయలు, దొంగల పాలైంది. ఆ రాత్రే విజయవాడ నుంచి మా బావమరిది ఫోన్ చేశాడు. వాడి డబ్బు అక్కడ లేదు, ఇంకో ఎక్స్ఛేంజ్‌లో ఉంది. అయినా టెన్షన్ టెన్షనే. "బావా, పెన్‌డ్రైవ్ లాంటిది ఒకటి ఉంటుందటగా. ఏది మంచిదో ఒక్క పేరు చెప్పు, ఇప్పుడే ఆర్డర్ పెట్టేస్తా" అన్నాడు.

ఒక్క పేరు చెప్పలేకపోయాను. పేరున్న కంపెనీల వాలెట్లన్నీ తమ పని బాగానే చేస్తాయి. డబ్బు పోయేది చాలావరకు ఆ వాలెట్ చుట్టూ మనం చేసే పనుల వల్ల. నేను కాగితాలు ఎక్కడో పెట్టి మర్చిపోయే రకం. మా బావమరిది చదవకుండా ఓకే నొక్కే రకం. మా ఇద్దరికీ ఒకే వాలెట్ నప్పుతుందని నేననుకోను.

అసలు మీకు అవసరమా?

మీ దగ్గరున్నది మొత్తం ఇరవై ముప్ఫై వేల రూపాయల క్రిప్టో అయితే, దానికోసం ఈ తతంగం పెట్టుకోకండి. మామూలు మోడళ్లు మార్కెట్లోకి వచ్చినప్పుడు వాటి ధర 79 డాలర్లు. దానికి షిప్పింగ్, దిగుమతి సుంకం, పన్నులు కలుస్తాయి. రోజూ కొని అమ్మేవాళ్లకు కూడా ఇది అడ్డమే. కొని ఏళ్ల తరబడి కదపకుండా ఉంచేవాళ్ల కోసం తయారైన వస్తువు ఇది.

ఇంకొక సంగతి. మన దేశపు యాప్‌లు కొన్నింటిలో కొన్న కాయిన్‌ను బయటి వాలెట్‌కు పంపే సౌకర్యమే ఉండదు, రూపాయల్లోకి మార్చుకోవాల్సిందే. కొన్నింటిలో ఉన్నా ఫీజు గట్టిగా ఉంటుంది. వాలెట్ ఆర్డర్ పెట్టకముందే మీ యాప్‌లో ఆ బటన్ ఉందో లేదో చూడండి. మా బావమరిది దగ్గర నాలుగు రకాల కాయిన్లుంటే, రెండింటికి ఆ బటన్ లేదు. అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, అమ్మిన మొత్తం మీద 1 శాతం టీడీఎస్. వాడు ఆ రెండింటినీ అక్కడే వదిలేశాడు.

వాలెట్ చేసే పని

కాయిన్లు ఆ డబ్బాలో ఉండవు. ఎవరి దగ్గర ఎంత ఉందన్న లెక్క బ్లాక్‌చెయిన్ అనే ఉమ్మడి ఖాతా పుస్తకం మీద ఉంటుంది. డబ్బాలో ఉండేది ఆ లెక్కలోని మీ వాటాను కదిలించడానికి సంతకం పెట్టే రహస్య తాళం, దాన్నే ప్రైవేట్ కీ అంటారు. సంతకం డబ్బా లోపలే జరుగుతుంది కాబట్టి లాప్‌టాప్‌లో వైరస్ ఉన్నా కీ దాని చేతికి చిక్కదు.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు ఆ కీకి మూలంగా 12 లేదా 24 ఇంగ్లీషు పదాలు చూపిస్తుంది. డబ్బా కాలువలో పడినా ఫర్వాలేదు, ఆ పదాలుంటే ఇంకో డబ్బా కొని అన్నీ వెనక్కి తెచ్చుకోవచ్చు. ఆ పదాలు పోయి డబ్బా కూడా పాడైతే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ పదాలు ఇంకొకరు చూస్తే వాళ్లకు డబ్బాతో పనే లేదు. కస్టమర్ కేర్ నంబరు ఉంటుంది కదా అనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

ట్రెజర్ సేఫ్ 3, లెడ్జర్ నానో ఎస్ ప్లస్

ఎక్కువమంది తేల్చుకోలేనిది ఈ రెండింటి మధ్యే. రెండూ 79 డాలర్లకే వచ్చాయి, రెండింటికీ రెండే బటన్లు, చిన్న తెర, యూఎస్‌బీ-సి తీగ. తేడా అంతా తయారుచేసినవాళ్ల ఆలోచనలో ఉంది.

ట్రెజర్ ప్రాగ్ నగరంలోని సతోషీల్యాబ్స్‌ది. 2014లో వాళ్లు తెచ్చిన ట్రెజర్ వన్‌తోనే హార్డ్‌వేర్ వాలెట్ అన్న వస్తువు జనంలోకి వచ్చింది. వాళ్ల ఫర్మ్‌వేర్, అంటే పరికరాన్ని లోపలినుంచి నడిపే సాఫ్ట్‌వేర్, దాని కోడ్ బహిరంగం, తెలిసినవాళ్లు ఎవరైనా చదివి తప్పులు పట్టవచ్చు. పాత మోడళ్లకు ఒక లోపం ఉంది. కీని కాపాడే ప్రత్యేకమైన చిప్, అంటే సెక్యూర్ ఎలిమెంట్, వాటిలో లేదు. వాలెట్ చేతికి దొరికితే దాదాపు 15 నిమిషాల్లో లోపలి పదాలను బయటికి లాగొచ్చని 2020 జనవరిలో క్రాకెన్ సెక్యూరిటీ ల్యాబ్స్ చేసి చూపించింది. 2023లో వచ్చిన సేఫ్ 3లో ఆ చిప్ పెట్టారు. కాబట్టి ఎవరైనా పాత ట్రెజర్ వన్ చౌకగా ఇస్తానంటే ఆశపడకండి.

లెడ్జర్ పారిస్ కంపెనీ. దానికి సెక్యూర్ ఎలిమెంటే మొదటినుంచీ బలం. మూడుసార్లు పిన్ తప్పు కొడితే లోపలున్నదంతా తుడిచేసుకుంటుంది. కానీ ఆ చిప్‌లో నడిచే ఫర్మ్‌వేర్ పూర్తిగా బహిరంగం కాదు. 2023 మేలో లెడ్జర్ రికవర్ అనే సేవ ప్రకటించినప్పుడు పెద్ద గొడవైంది. నెలకు కొంత డబ్బు కట్టి, గుర్తింపు కార్డు చూపిస్తే, మీ కీని ముక్కలుగా చేసి మూడు సంస్థల దగ్గర దాచే పద్ధతి అది. ఇష్టమైతేనే తీసుకోవచ్చు. కానీ కీ ఏ రూపంలోనూ చిప్ దాటదని నమ్మినవాళ్లకు, ఫర్మ్‌వేర్ తలుచుకుంటే దాటుతుందని ఆ రోజే తెలిసింది. దానికోసం ఉన్న లెడ్జర్‌ను పారేయాలని నేననను. మనం ఒక కంపెనీ మాటను నమ్ముతున్నామన్న ఎరుక మాత్రం ఉండాలి.

సౌకర్యం దగ్గరికొస్తే లెడ్జర్‌దే పైచేయి. అది గుర్తించే కాయిన్లు ఎక్కువ. ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ మీద యూఎస్‌డీటీ, అంటే డాలర్ విలువకు కట్టిన కాయిన్, దాచుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. లెడ్జర్‌లో ట్రాన్ ఎప్పటినుంచో ఉంది. ట్రెజర్ కొనేవాళ్లు మాత్రం తమ కాయిన్, తమ నెట్‌వర్క్ రెండూ కంపెనీ జాబితాలో ఉన్నాయో లేదో చూసుకుని కొనాలి. మీది ఐఫోన్ ఒక్కటే, లాప్‌టాప్ లేదంటే నానో ఎస్ ప్లస్ పనికిరాదు. బ్లూటూత్ ఉన్న నానో ఎక్స్ తీసుకోవాలి.

నన్నడిగితే, బిట్‌కాయిన్, ఈథర్ లాంటి నాలుగైదు ఉండి లాప్‌టాప్ వాడేవాళ్లకు సేఫ్ 3. రకరకాల కాయిన్లుండి ఫోన్ మీదే బతికేవాళ్లకు లెడ్జర్. అమ్మానాన్నల కోసమో, మీకే దగ్గరి చూపు తగ్గితేనో, ట్రెజర్ సేఫ్ 5 లాంటి టచ్ తెర ఉన్నదానికి ఇంకొంచెం డబ్బు పెట్టండి. ఈథర్ నడిచే ఈథరియం నెట్‌వర్క్‌లో అడ్రస్, అంటే ఖాతా నంబరు లాంటిది, 42 అక్షరాలు. చిన్న తెర మీద చదవలేక "సరేలే" అని నొక్కేసేవాళ్లకు ఏ చిప్ పెట్టినా లాభం లేదు.

మిగతావి క్లుప్తంగా

బిట్‌కాయిన్ ఒక్కటే ఉందా? కెనడా వాళ్ల కోల్డ్‌కార్డ్‌ను కంప్యూటర్‌కు తగిలించకుండానే మెమరీ కార్డు ద్వారా సంతకం పెట్టించవచ్చు. పిన్ 13 సార్లు తప్పితే ఆ పరికరం ఇక పనికిరాదు. గట్టిదే, కానీ కొత్తవాళ్లను ముప్పతిప్పలు పెడుతుంది. స్విట్జర్లాండ్ బిట్‌బాక్స్ 02లో కూడా బిట్‌కాయిన్‌కు మాత్రమే చేసిన రకం ఉంది, వాడటం చాలా తేలిక.

కాగితాలు పారేసుకునే నాలాంటివాళ్లకు మన దేశపు కంపెనీ సైఫరాక్ తెచ్చిన ఎక్స్1 ఆలోచన నచ్చుతుంది. కీని ఐదు ముక్కలు చేసి, ఒకటి డబ్బాలో, నాలుగు కార్డుల్లో పెడతారు. ఐదింటిలో రెండు ఉంటే చాలు. ఒక కార్డు ఇంట్లో, ఒకటి లాకర్‌లో, ఒకటి ఊళ్లో నాన్న దగ్గర ఉంచితే ఏ ఒక్కటి పోయినా కొంప మునగదు. టాంజెమ్ ఇంకా తేలిక. ఏటీఎం కార్డులా ఉంటుంది, ఫోన్‌కు ఆనిస్తే చాలు, మామూలుగా పదాలు రాసుకునే పనే ఉండదు. కానీ దానికి సొంత తెర లేదు. ఎవరికి ఎంత పంపుతున్నారో ఫోన్ చూపించిందే నమ్మాలి. పెద్ద మొత్తానికి నేనైతే వాడను.

ఎక్కడ కొనాలి

కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో, లేదా ఆ వెబ్‌సైట్‌లో పేరున్న డీలర్ దగ్గర. అంతే. అమెరికా నుంచి వచ్చే అన్నయ్య చేత తెప్పించుకోవడం మనకు అలవాటు, అదీ తప్పు కాదు, ఆయన కంపెనీ దగ్గరే కొని సీలు తీయకుండా తెస్తే. సెకండ్ హ్యాండ్ మాత్రం వద్దే వద్దు. 2023లో కంప్యూటర్ భద్రత సంస్థ కాస్పర్‌స్కీ ఒక నకిలీ ట్రెజర్‌ను విప్పి చూపించింది. పైకి సీళ్లు, హోలోగ్రామ్‌లు అన్నీ బాగానే ఉన్నాయి. లోపల చిప్ మార్చేశారు. అది కొత్త పదాలు పుట్టించడం మాని, దొంగల దగ్గర ముందే ఉన్న 20 జాబితాల్లో ఒకటి ఇచ్చేది. కొన్నవాడి 1.33 బిట్‌కాయిన్లు పోయాయి, అదీ వాలెట్‌ను ఏ కంప్యూటర్‌కూ తగిలించని రోజున.

ఇంకో మోసం ఇంతకన్నా మొరటుది. పెట్టెలో పదాలు ముందే అచ్చేసిన కార్డు ఉంటుంది, "ఇవే మీ పదాలు" అని. పదాలు మీ కళ్లముందు, మీ వాలెట్ తెర మీదే పుట్టాలి. అలా కాకుండా వచ్చిందేదైనా వెనక్కి పంపేయండి.

ఆర్డర్ పెట్టేటప్పుడు వేరే ఈమెయిల్, వీలైతే ఆఫీసు అడ్రస్ ఇవ్వండి. 2020లో లెడ్జర్ కస్టమర్ల వివరాలు బయటికి పొక్కాయి. పది లక్షల ఈమెయిళ్లు, 2.7 లక్షల మంది పేర్లు, ఇంటి అడ్రస్‌లు, ఫోన్ నంబర్లు. ఆ తర్వాత కొందరికి పోస్టులో నకిలీ లెడ్జర్ పరికరాలే వచ్చాయి, "మీది మార్చుకోండి" అన్న ఉత్తరంతో సహా. ట్రెజర్ సపోర్ట్ విభాగాన్ని సంప్రదించిన 66 వేల మంది వివరాలు బయటపడి ఉండొచ్చని 2024 జనవరిలో ఆ కంపెనీ కూడా ఒప్పుకుంది. కాబట్టి కంపెనీ పేరుతో వచ్చే ఫోన్, మెయిల్, ఉత్తరం ఏదీ నమ్మొద్దు. మీ పదాలు అడిగే హక్కు ఎవరికీ లేదు.

మొదటి రోజు

వాలెట్‌తో కలిసి పనిచేసే కంపెనీ యాప్ కోసం గూగుల్‌లో వెతకొద్దు. పెట్టెలోని కాగితం మీదున్న వెబ్ చిరునామా చూసి టైప్ చేయండి. 2023 నవంబరులో నకిలీ లెడ్జర్ లైవ్ యాప్ ఏకంగా మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే దూరి జనాన్ని దోచింది. యాప్ పెట్టాక అది పరికరం అసలైనదో కాదో పరీక్షిస్తుంది. దాన్ని దాటేయకండి.

పదాలు రాసే గంట మాత్రం తీరికగా ఉండాలి. తలుపు వేసుకుని, ఫోన్ పక్క గదిలో పెట్టి రాయండి. ఫొటో తీస్తే అది మీకు తెలియకుండానే క్లౌడ్‌లోకి పోతుంది. వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం ఇంకా అన్యాయం.

ఇక మన తెలుగువాళ్లకే చెప్పాల్సిన ముక్క. ఎవరికీ అర్థం కాకూడదని పదాలను తెలుగు లిపిలో రాసేవాళ్లను చూశాను. తెలివైన పనే అనిపిస్తుంది. కానీ వాలెట్లు పదాలను ఏరుకునే 2,048 పదాల జాబితాలో ధరించడం అన్న ఇంగ్లీషు మాట ఉంది, ఎక్కడ అన్న ఇంగ్లీషు మాట కూడా ఉంది. తెలుగులో రాస్తే రెండూ "వేర్". ఐదేళ్ల తర్వాత ఏది రాశారో మీకే గుర్తుండదు. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో, వరుస నంబర్లతో రాయండి. ఆ జాబితాలో ఏ రెండు పదాలకూ మొదటి నాలుగు అక్షరాలు ఒకేలా ఉండవు, కనీసం ఆ నాలుగైనా స్పష్టంగా ఉండాలి. ట్రెజర్ కొత్త మోడళ్లు 20 పదాల పద్ధతి కూడా ఇస్తాయి. దానికి వేరే జాబితా, దాన్ని చాలా వాలెట్లు చదవలేవు. రేపు ఇంకో కంపెనీకి మారే ఆలోచన ఉంటే 12 లేదా 24 ఎంచుకోండి.

రాశాక అసలు పరీక్ష ఉంది, నూటికి తొంభైమంది చేయనిది అదేనని నా అనుమానం. ఐదొందలో వెయ్యో విలువైన కాయిన్ పంపండి. వచ్చాక వాలెట్‌ను కావాలనే తుడిచేయండి. లెడ్జర్ అయితే మూడుసార్లు తప్పు పిన్ కొడితే చాలు. ఇప్పుడు కాగితం చూసి పదాలు ఎక్కించండి. ఆ వెయ్యి కనిపించిందా? అప్పుడు మిగతాది పంపండి. నేను ఇలా చేసినప్పుడు పదిహేడో పదం తప్పు రాశానని తెలిసింది. వెయ్యి రూపాయల దగ్గర తెలిసింది కాబట్టి ఇప్పుడు నవ్వుతూ చెబుతున్నాను.

పంపేటప్పుడు నెట్‌వర్క్ పేరు రెండువైపులా ఒకటే ఉండాలి. వాలెట్ ఇచ్చిన అడ్రస్‌ను దాని తెర మీద చూసి పోల్చుకోవాలి. కాపీ చేసిన అడ్రస్‌ను అతికించేలోపు మార్చేసే వైరస్‌లున్నాయి. పాత లావాదేవీల జాబితా నుంచి కాపీ చేయడమూ ప్రమాదమే. మొదటి, చివరి అక్షరాలు మీ అడ్రస్‌లాగే ఉండే అడ్రస్ నుంచి దొంగలు పైసలు పంపి, ఆ జాబితాలో తమదీ చేరేలా చేస్తారు. మధ్య అక్షరాలు కూడా చూడండి. పంపిన తేదీ, కొన్న ధర, లావాదేవీ నంబరు ఒకచోట రాసిపెట్టండి. సొంత వాలెట్‌కు మార్చుకోవడం అమ్మకం కాదు, కానీ రేపు అమ్మిన రోజున కొన్న ధరకు రుజువు కావాలి. అప్పటికి ఆ ఎక్స్ఛేంజ్ ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

చదవకుండా సంతకం

ఇక్కడే మళ్లీ వజీర్‌ఎక్స్ దగ్గరికి రావాలి. సంతకాలు పెట్టినవాళ్లు హార్డ్‌వేర్ వాలెట్లే వాడారని ఆ సంస్థే చెప్పింది. అయినా డబ్బు పోయింది. కంప్యూటర్ తెర మీద కనిపించింది ఒకటి, వాళ్లు సంతకం పెట్టింది మరొకటి. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఇంకో ఎక్స్ఛేంజ్ నుంచి 150 కోట్ల డాలర్లు పోయినప్పుడూ ఇదే తంతు. చివరి సంతకం పెట్టింది ఆ కంపెనీ సీఈఓ బెన్ జౌ.

దీన్ని బ్లైండ్ సైనింగ్ అంటారు. బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రాములను కాంట్రాక్టులంటారు. కొన్ని కాంట్రాక్టుల వివరాలు వాలెట్‌కు అర్థం కావు, అప్పుడు అది అర్థం కాని అక్షరాల గుంపు చూపించి ఒప్పుకుంటావా అని అడుగుతుంది. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేసినట్టే. వాలెట్ సెట్టింగ్స్‌లో బ్లైండ్ సైనింగ్ ఆపేసి ఉంచండి. ఫ్రీగా టోకెన్లిస్తామనే సైట్లకు, కొత్త ఆటలకు ఫోన్‌లో చిన్న మొత్తంతో వేరే వాలెట్ పెట్టుకోండి, పోతే పోయింది. మా బావమరిదికి ఇదే నా షరతు. వాడికి ట్రెజర్ సేఫ్ 3 చెప్పడానికి అసలు కారణం కూడా, దాని మీద వాడు నొక్కడానికి తక్కువ విషయాలు ఉంటాయనే.

పాస్‌ఫ్రేజ్ అనే అదనపు పదం గురించి అడుగుతారు. పదాలున్న కాగితం దొంగ చేతికి చిక్కినా అది లేకుండా డబ్బు కనబడదు. మంచిదే. కానీ అందులో ఒక్క అక్షరం తప్పినా వాలెట్ "తప్పు" అనదు, కొత్త ఖాళీ ఖాతా తెరిచి చూపిస్తుంది. డబ్బు పోయిందని గుండె ఆగినంత పనవుతుంది. మొదటి ఏడాది దాని జోలికి పోకండి.

బీరువా

మా బావమరిది ఆగస్టులో అన్నీ సరిగ్గానే చేశాడు. పదాలు కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువా కింది అరలో ఇంటి దస్తావేజుల పక్కన దాచాడు. సెప్టెంబరు మొదటి రోజుల్లో బుడమేరు పొంగింది. వాళ్లది సింగ్ నగర్. పై పోర్షన్ వాళ్ల ఇంట్లో నాలుగు రోజులున్నారు. నీళ్లు తీశాక కవర్ తెరిస్తే లోపల బాల్‌పెన్ను రాతే, కానీ కాగితం మడత దగ్గర ముద్దయిపోయింది. ఏడు పదాలు చదవలేం.

వాలెట్ మాత్రం వాడి జేబులోనే ఉంది, పనిచేస్తోంది. అందులోంచి పదాలు మళ్లీ చూసుకోవచ్చుగా అన్నాడు. ట్రెజర్, లెడ్జర్ అలా చూపించవు. ఆ రాత్రి వాడి కాయిన్లన్నీ నా వాలెట్‌కు పంపించాను, ఒక్కొక్క అడ్రస్ ఫోన్‌లో చదివించి మరీ. వాడి చేతే వాలెట్ తుడిపించి, కొత్త పదాలు తీయించి, మళ్లీ తిప్పి పంపాను. అటూ ఇటూ నెట్‌వర్క్ ఫీజు రెండుసార్లు కట్టాం. ఫీజు పోయినందుకు కాదు, ఆ అరగంట నా చేయి వణికినందుకు వాడికి ఇంకా చీవాట్లు పడుతూనే ఉన్నాయి.

ఈసారి స్టెయిన్‌లెస్ స్టీలు పలక. రెడీమేడ్‌గా అమ్మేవి ఉన్నాయి, ఖరీదెక్కువ. హార్డ్‌వేర్ షాపులో అక్షరాలు గుద్దే పంచ్ సెట్టు, ఒక స్టీలు ముక్క తెచ్చుకుంటే సరిపోతుంది. గిన్నెల మీద పేర్లు వేసే షాపుకు తీసుకెళ్తానన్నాడు వాడు. 24 పదాలూ షాపువాడికి చదివి వినిపిస్తావా అని అడిగాక ఊరుకున్నాడు. ఒక పలక ఇంట్లో, అలాంటిదే ఇంకొకటి బ్యాంకు లాకర్‌లో. వాళ్లావిడ కోసం ఒక ఉత్తరం కూడా రాయించాను. అందులో పదాలు లేవు. ఏమేం ఉన్నాయి, పలక ఎక్కడుంది, నాకు ఫోన్ చేయమని, ఇంటర్నెట్‌లో సాయం చేస్తామని వచ్చేవాళ్లను నమ్మొద్దని.

ఆ ఆదివారం మధ్యాహ్నం తలుపు వేసుకుని సుత్తితో టకటకా కొడుతుంటే, ఏంట్రా ఆ చప్పుడని అత్తయ్య అడిగిందట. గిన్నె మీద పేరు వేస్తున్నానన్నాడట. ఎవరి పేరురా, ఇంతసేపు, అందట ఆవిడ.